దోమకు భయపడదామా, దోమల మందుకు భయపడదామా?

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా జరిగిన యువజన సభలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున్నుంచి పెద్దలు మన భాషల గురించి, భూమి గురించి, 1/70 చట్టం గురించి మాట్లాడారు. మధ్యాహ్నం మన పిల్లలు థింసా ఆడితే నేల అదిరింది. నాకిచ్చిన అంశం వాటి పక్కన చిన్నదిగా కనబడుతుంది. దోమల మందులు నరాలకూ మెదడుకూ హాని చేస్తాయా? ఇదీ ప్రశ్న. దీన్ని నేను ఎంచుకోలేదు, ఈ సభ ఏర్పాటు చేసిన కుర్రాళ్లే అడిగారు. "అక్కా, ఒంటికి రాసుకునే క్రీము వల్ల మెదడు దెబ్బతింటుందని ఫోన్లో మెసేజ్ వచ్చింది. మా వదిన పసిపిల్లకు దోమతెర కూడా కట్టొద్దంటోంది, దాని మీద మందు ఉందట. నిజమేనా?" అని ఒక తమ్ముడు అడిగాడు.

నేను ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నర్సుని. సైంటిస్టుని కాను. కానీ జూన్ నుంచి డిసెంబరు దాకా మన మన్యంలో జ్వరాల కాలం ఎలా ఉంటుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ తమ్ముడికి రెండు ముక్కల్లో జవాబు చెప్పి పంపేయడం సరికాదనిపించింది. అందుకే కాస్త చదువుకుని, మా డాక్టరు గారిని అడిగి తెలుసుకుని వచ్చాను.

ముందు దోమ సంగతి

మందు మెదడుకు ఏం చేస్తుందో చూసేముందు, దోమ మెదడుకు ఏం చేస్తుందో చూడాలి. లేకపోతే లెక్క సగమే అవుతుంది.

మన కొండల్లో గెడ్డల అంచున, మెల్లగా పారే నీటిలో పెరిగే అనాఫిలిస్ దోమ మలేరియా తెస్తుంది. దోమ కడుపులో మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ మొదటిసారి చూసింది 1897 ఆగస్టు 20న, మన సికింద్రాబాద్‌లోనే. మలేరియాలో ఫాల్సిపారం అనే రకం ఉంది. దానికి వెంటనే మందు పడకపోతే మెదడులోని సన్నని రక్తనాళాలు మూసుకుపోతాయి. బిడ్డకు ఫిట్స్ వస్తాయి, స్పృహ తప్పుతుంది. దాన్నే సెరిబ్రల్ మలేరియా అంటారు. ఆస్పత్రిలో చికిత్స అందినా నూటికి పదిహేను, ఇరవై మంది దాకా చనిపోతారు. ఆఫ్రికాలో బతికి బయటపడ్డ పిల్లలను కొన్నేళ్లపాటు గమనిస్తే, వాళ్లలో సుమారు నాలుగో వంతు మందికి జ్ఞాపకశక్తిలోనో, నేర్చుకోవడంలోనో లోపం మిగిలిపోయింది.

రెండోది మెదడువాపు. జపనీస్ ఎన్‌సెఫలైటిస్ అంటారు. వరి మళ్లలో పెరిగే క్యూలెక్స్ దోమ పందుల నుంచి, కొంగల నుంచి ఆ వైరస్‌ను మనిషికి అంటిస్తుంది. ఒంట్లో వైరస్ చేరిన వాళ్లలో చాలామందికి ఏమీ కాదు. జబ్బు బయటపడిన వాళ్లలో మాత్రం నూటికి ముప్పై మంది దాకా చనిపోవచ్చు. బతికిన వాళ్లలో నూటికి ఇరవై, ముప్పై మందికి నరాల సమస్యలు జీవితాంతం ఉండిపోతాయి.

కాబట్టి తమ్ముళ్లూ, మన దగ్గర మెదడుకు మొదటి శత్రువు దోమ. ఇది గుర్తుంచుకుని ఇప్పుడు మందుల దగ్గరికి వద్దాం.

మందులన్నీ ఒకటి కావు

"దోమల మందు" అని మనం ఒక్క మాటలో అనేస్తాం. సంతలో, కిరాణా కొట్లో ఆ పేరుతో దొరికేవి మూడు నాలుగు రకాలు.

ఒంటికి రాసుకునేవి ఒక రకం. ఇవి దోమను చంపవు. మన ఒంటి వాసనను దోమ పసిగట్టకుండా చేస్తాయి, దగ్గరికి రానివ్వవు. డీట్, పికారిడిన్, మన కొట్లలో దొరికే ఒడోమాస్ క్రీములో ఉండే డైఇథైల్ బెంజమైడ్ ఈ జాతివి.

గాలిలోకి వదిలేవి రెండో రకం. మస్కిటో కాయిల్, ప్లగ్గులో పెట్టే లిక్విడ్, అగరబత్తి. వీటిలో ఉండేవి పైరిథ్రాయిడ్లు అనే పురుగుమందులు. దోమతెరల మీద అద్దేవి, ఇంటి గోడలకు సర్కారు వాళ్లు స్ప్రే చేసేవి కూడా ఈ కుటుంబంలోవే.

మూడోది చెట్టు మందులు. వేపనూనె, నిమ్మగడ్డి నూనె, యూకలిప్టస్ నూనె, కర్పూరం, వావిలాకు పొగ.

నాలుగోది అసలు దోమల మందే కాదు. పొలానికి కొట్టే మందును ఇంట్లో వాడటం. దీని గురించి చివర్లో చెబుతాను, ఎందుకంటే నాకు అన్నిటికంటే భయం దానిమీదే.

డీట్ కథ

ఫోన్లో వచ్చిన మెసేజ్ ఎక్కువగా డీట్ గురించే. ఇది అమెరికాలో పుట్టింది. 1944లో పరీక్షించారు, 1946 నుంచి వాళ్ల సైన్యం వాడింది, 1957 నుంచి మామూలు జనం చేతికి వచ్చింది. అంటే అరవై ఏళ్లు దాటింది. ప్రపంచమంతా కోట్ల మంది రాసుకున్నారు. ఇన్నేళ్ల వాడకం ఉన్న మందు కాబట్టి దాని మంచిచెడ్డలు చాలావరకు బయటపడ్డాయి.

చెడ్డ ముందు చెబుతాను. డీట్ వాడిన తర్వాత కొందరు పిల్లలకు ఫిట్స్ వచ్చాయని వైద్య పత్రికల్లో రాశారు. అది అబద్ధం కాదు. వాటిలో చాలా వాటిలో మందును తాగడమో, ఒళ్లంతా పదేపదే పులమడమో జరిగింది. కొన్నిటిలో మాత్రం కారణం తేలలేదు. అమెరికా పర్యావరణ సంస్థ 1998లో ఈ కేసులన్నీ ముందేసుకుని లెక్క కట్టింది. డీట్ వల్లే అని అనుమానించదగ్గ ఫిట్స్ సుమారు 10 కోట్ల మంది వాడితే ఒకరికి అని తేల్చింది. 2014లో మళ్లీ చూసి, డబ్బా మీద రాసినట్టు వాడితే ఆందోళన పడాల్సిన హాని లేదని చెప్పింది.

మరి మెసేజ్‌లో ఉన్న "శాస్త్రవేత్తలే చెప్పారు" అన్న మాట ఎక్కడిది? 2009లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం చేశారు. మన నరాల చివర ఎసిటైల్‌కొలిన్ అనే పదార్థం ఒక నరం నుంచి ఇంకో నరానికి, నరం నుంచి కండకు కబురు మోస్తుంది. కబురు అందాక దాన్ని ఒక ఎంజైము శుభ్రం చేస్తుంది. శుభ్రం చేయకపోతే కబురు ఆగకుండా మోగుతూనే ఉంటుంది. డీట్ ఆ ఎంజైమును అడ్డగిస్తుందని వాళ్లు ప్రయోగశాలలో చూశారు. పేపర్లన్నీ రాశాయి. కానీ అది విడదీసిన ఎంజైము మీద, పురుగు నరాల మీద నేరుగా మందు పోసి చూసిన ఫలితం. చర్మానికి రాసుకున్నప్పుడు అందులో కొంత భాగమే రక్తంలోకి వెళుతుంది, అది కూడా త్వరగానే మూత్రంలో పోతుంది. ఆ తర్వాత వచ్చిన పరిశోధనలు, ఆ ఎంజైము మీద డీట్ ప్రభావం చాలా బలహీనమని చూపాయి.

అయితే ఆ ప్రయోగంలో మనం పట్టుకోవాల్సిన మాట ఒకటుంది. డీట్‌తో పాటు కార్బమేట్ జాతి పురుగుమందు కలిస్తే ప్రభావం పెరిగింది. ఇలాంటి అనుమానమే అంతకుముందు గల్ఫ్ యుద్ధం తర్వాత వచ్చింది. 1990–91లో అక్కడికి వెళ్లిన అమెరికా సైనికులు ఒంటికి డీట్ రాసుకున్నారు, బట్టలకు పెర్మెత్రిన్ కొట్టుకున్నారు, విషవాయువు భయంతో నరాల మీద పనిచేసే మాత్రలు మింగారు. తిరిగొచ్చాక వేలమందికి నొప్పులు, మతిమరుపు, నీరసం. 1996లో డ్యూక్ విశ్వవిద్యాలయం వాళ్లు కోళ్ల మీద పరీక్షిస్తే, ఒక్కో మందు విడిగా చేసిన హాని కంటే మూడూ కలిసి చేసిన హాని చాలా ఎక్కువని తేలింది. కోళ్లకు ఇచ్చిన మోతాదు మనం రాసుకునేదానికంటే చాలా ఎక్కువ. అయినా పాఠం పాఠమే. ఒక మందు మీద ఇంకో మందు కలపకూడదు.

కరెన్ తల్లులు చెప్పిన జవాబు

ఇప్పుడు మీకు నచ్చే సంగతి ఒకటి చెబుతాను. డీట్ గురించి ప్రపంచంలో ఉన్న మంచి పరీక్షల్లో ఒకటి మనలాంటి కొండజాతి ఆడవాళ్ల వల్ల జరిగింది. థాయ్‌లాండ్, బర్మా సరిహద్దులో కరెన్ అనే తెగ ఉంది. యుద్ధం వల్ల ఊళ్లు వదిలి శిబిరాల్లో బతుకుతున్నారు. చుట్టూ అడవి, మలేరియా. కడుపుతో ఉన్న ఆడవాళ్లకు మలేరియా వస్తే తల్లికీ బిడ్డకూ ప్రమాదం. అందుకని నాలుగో నెల నుంచి తొమ్మిదో నెల దాకా ఉన్న గర్భిణుల్లో కొందరికి రోజూ డీట్ రాసుకోమని, కొందరికి డీట్ లేనిది రాసుకోమని ఇచ్చారు. ఎవరికి ఏది ఇచ్చారో వాళ్లకూ తెలియదు, చూసే డాక్టర్లకూ తెలియదు. మొత్తం 897 మంది.

2001లో ఫలితం అచ్చయింది. రోజూ రాసుకున్న తల్లుల్లో నరాలకు సంబంధించిన ఏ ఇబ్బందీ కనబడలేదు. చర్మానికీ, కడుపుకీ కూడా ఏమీ కాలేదు. కొందరి బొడ్డుతాడు రక్తం పరీక్షిస్తే నూటికి ఎనిమిది మందిలో డీట్ కనిపించింది. అంటే మాయ దాటి బిడ్డ దాకా కొంచెం వెళ్లిన మాట నిజం. కానీ ఆ పిల్లలు పుట్టినప్పుడూ, ఏడాది నిండాకా చూస్తే బతకడంలో, పెరగడంలో, ఎదుగుదలలో తేడా లేదు.

మెసేజ్ పంపినవాళ్లకు ఈ పరీక్ష తెలియదు. మన వదినలకు, అక్కలకు మాత్రం తెలియాలి. ఈ పరీక్ష మొదటి మూడు నెలల గర్భం గురించి ఏమీ చెప్పదు, అది కూడా గుర్తుంచుకోండి. ఆ నెలల్లో దోమతెర, ఒళ్లంతా కప్పే బట్టలు మొదటి రక్షణ. క్రీము రాసుకోవాలనుకుంటే నర్సమ్మను అడిగి రాసుకోండి.

గాలిలోకి వదిలే మందులు

పైరిథ్రాయిడ్లకు మూలం ఒక చామంతి జాతి పువ్వు. ఆ పువ్వు పొడి పురుగును చంపుతుందని పాతకాలం నుంచే తెలుసు. 1949లో దాన్ని పోలిన అల్లెత్రిన్‌ను ఫ్యాక్టరీలో తయారు చేశారు. తర్వాత ప్రాలెత్రిన్, ట్రాన్స్‌ఫ్లూత్రిన్, డెల్టామెత్రిన్ అంటూ చాలా వచ్చాయి.

ఇవి నరాల మీదే పనిచేస్తాయి. దాచాల్సిన పని లేదు. నరంలో కబురు పోవాలంటే సోడియం లోపలికి వచ్చే సన్నని తలుపులు తెరుచుకుని వెంటనే మూసుకోవాలి. మడికి నీళ్లు పెట్టే మడవ తీసి, మళ్లీ కట్టినట్టు. పైరిథ్రాయిడ్ ఆ మడవను మూసుకోనివ్వదు. నీళ్లు పారుతూనే ఉంటాయి. దోమ కాళ్లు కొట్టుకుని పడిపోతుంది.

మరి మనిషికీ అవే తలుపులు ఉన్నాయి కదా? ఉన్నాయి. కానీ పురుగు తలుపులు ఈ మందుకు చాలా సులువుగా లొంగుతాయి, మనవి అంత సులువుగా లొంగవు. పైగా మన కాలేయం ఈ మందును త్వరగా విరగ్గొట్టి బయటకు పంపేస్తుంది. దోమ ఒళ్లెంత, మన ఒళ్లెంత! అందుకే దోమను చంపే మోతాదు మనకు పెద్దగా ఏమీ చేయదు. పిల్లి, చేప, తేనెటీగ మాత్రం అలా తట్టుకోలేవు. తేనె తీసే ఊళ్ల వాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

పసిపిల్లల విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. మందును విరగ్గొట్టే శక్తి వాళ్లకు పెద్దవాళ్లంత ఉండదు. ఎలుక పిల్లల మీద చేసిన పరీక్షల్లో ఇది స్పష్టంగా కనిపించింది. అందుకే తలుపులూ కిటికీలూ బిగించి, పసిపిల్ల తల దగ్గర రాత్రంతా లిక్విడ్ మెషీన్ పెట్టొద్దు. గదికి గాలి ఆడాలి. పడుకునే ముందు కాసేపు పెట్టి తీసేసి, తెర కట్టుకుని పడుకోవడం మేలు.

మన దేశంలో మలేరియా మీద జీవితమంతా పనిచేసిన శాస్త్రవేత్త వి.పి. శర్మ 2001లో కరెంట్ సైన్స్ పత్రికలో ఒక సర్వే ఫలితం రాశారు. ఇలాంటి మందులు వాడుతున్నవాళ్లను అడిగితే నూటికి పన్నెండు మంది దాకా ఏదో ఒక ఇబ్బంది చెప్పారు. ఊపిరి ఆడకపోవడం, తలనొప్పి, కళ్ల మంట, దగ్గు, దురద వంటివి. మీకు అలా ఉంటే అది మీ భ్రమ కాదు. ఆపేసి తెర వాడుకోండి.

కాయిల్ విషయంలో నరాల కంటే ఊపిరితిత్తుల భయం ఎక్కువ. చైనా, మలేషియా కాయిళ్లను పరీక్షించి 2003లో ఒక లెక్క చెప్పారు. ఒక్క కాయిల్ కాలితే వచ్చే సన్నని ధూళి 75 నుంచి 137 సిగరెట్లు కాల్చినంత. మన ఇళ్లల్లో ఇప్పటికే పొయ్యి పొగ ఉంది. దాని మీద ఇది. కాయిల్ పెట్టాలంటే వసారాలో పెట్టండి, పడుకునే గదిలో వద్దు.

లిక్విడ్ సీసా గురించి ఒక మాట. అందులో మందు కొంచెమే, మిగతాదంతా కిరోసిన్ లాంటి నూనె. పిల్లలు దాన్ని తాగి ఫిట్స్‌తో ఆస్పత్రికి వచ్చిన కేసులు మన దేశంలో నమోదయ్యాయి. తాగితే వాంతి చేయించకండి. వాంతి చేయిస్తే ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. సీసా పట్టుకుని బిడ్డను ఆస్పత్రికి తీసుకురండి.

ఇక సంతలో పది రూపాయలకు దొరికే దోమల అగరబత్తి. కొన్నిటి మీద తయారీదారు చిరునామా ఉండదు, ఏ మందు వేశారో ఉండదు. 1968 పురుగుమందుల చట్టం ప్రకారం ఇలాంటి ప్రతి వస్తువుకూ కేంద్రం ఇచ్చిన రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. అది లేని బత్తిలో ఎంత మందు ఉందో ఎవరికీ తెలియదు. "ఒక్కటి వెలిగిస్తే దోమలు టపటపా రాలిపోతాయి" అంటే సంతోషపడకండి. ఆ పొగే మీ బిడ్డ కూడా పీలుస్తోంది.

చెట్టు మందు మంచిదేగా?

ఇది మన సొంత విషయం. మన పెద్దలకు ఆకు తెలుసు, వేరు తెలుసు. దాన్ని నేను తక్కువ చేయను. వేపనూనె దోమను ఆపుతుందని శాస్త్రం కూడా ఒప్పుకుంది. వి.పి. శర్మ, ఆయన తోటివాళ్లు 1993లో కొబ్బరినూనెలో నూటికి రెండు పాళ్లు వేపనూనె కలిపి ఒంటికి రాసి చూస్తే, అనాఫిలిస్ దోమలు రాత్రంతా కుట్టలేదు. మన ఇళ్లల్లో చేసుకోగలిగిన పని ఇది.

కానీ ఒంటికి రాసేది వేరు, నోట్లో పోసేది వేరు. జలుబు చేసిందనీ, పురుగులు పడ్డాయనీ పసిపిల్లలకు వేపనూనె తాగిస్తే వాంతులు, ఫిట్స్, స్పృహ తప్పడం జరిగాయి. మలేషియాలో, మన దేశంలో 1980ల మొదట్లోనే డాక్టర్లు వీటిని రాశారు. కొందరు పిల్లలు చనిపోయారు కూడా. కర్పూరం కొంచెం మింగినా చిన్నపిల్లలకు ఫిట్స్ రావచ్చు. యూకలిప్టస్ నూనె తాగినా అంతే. యూకలిప్టస్ నుంచి తీసి దోమల కోసం అమ్మే మందును కూడా మూడేళ్ల లోపు పిల్లలకు రాయొద్దంటారు.

చెట్టు నుంచి వచ్చింది కాబట్టి హాని లేదు, ఫ్యాక్టరీ నుంచి వచ్చింది కాబట్టి విషం అనే లెక్క తప్పు. ముష్టి గింజ మన అడవిదే. అందులో ఏముందో మన పెద్దలకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఏది, ఎంత, ఎలా, ఎవరికి అన్నదే వాళ్లు ఎప్పుడూ చూశారు. మందు డబ్బాను కూడా అదే కన్నుతో చూద్దాం.

నాకు నిజంగా భయమైనది

నల్లులు పట్టాయని మంచానికి, పేలు పట్టాయని ఆడపిల్ల తలకు, దోమలు ఎక్కువయ్యాయని గోడకు, పత్తి చేలకు కొట్టే మందు రాసేవాళ్లు ఉన్నారు. మోనోక్రోటోఫాస్ వంటివి ఇందాక చెప్పిన ఎంజైమును గట్టిగా పట్టేస్తాయి. డీట్ విషయంలో ప్రయోగశాలలో బలహీనంగా కనబడిన పని, ఇవి మనిషి ఒంట్లో నేరుగా చేస్తాయి. నోట్లో నురగ, చెమటలు, కంటిపాప సూదిమొనంత అయిపోవడం, కండరాలు అదరడం, ఫిట్స్, ఊపిరి ఆగిపోవడం. తల చర్మం నుంచి కూడా లోపలికి పోతాయి. 2013 జులైలో బిహార్‌లోని ఒక బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంట నూనెలో కలిసింది మోనోక్రోటోఫాసే.

ఖాళీ పురుగుమందు డబ్బాలో నూనె గానీ, నీళ్లు గానీ, కల్లు గానీ పోయకండి. డబ్బాకు కన్నం పొడిచి పాడుచేసి, ఇంటికీ గెడ్డకూ దూరంగా పాతిపెట్టండి. చదవడం రాని పెద్దలకు కూడా అర్థం కావాలని డబ్బా మీద రంగు ముక్క వేస్తారు. ఎరుపు అంటే అన్నిటికంటే ప్రమాదకరం. తర్వాత పసుపు, తర్వాత నీలం, ఆకుపచ్చ అంటే తక్కువ. ఈ నాలుగు రంగులూ మీ ఇంట్లో అవ్వకు, తాతకు చెప్పండి.

ఇప్పుడు ఏం చేద్దాం

ఆ తమ్ముడి ప్రశ్నకు జవాబు ఇది. దోమతెర కట్టండి, పసిపిల్లకు తప్పకుండా కట్టండి. సర్కారు ఇచ్చే తెర దారంలోనే మందు ఉంటుంది. పసిపిల్లలు తెర అంచు నోట్లో పెట్టుకుని చప్పరిస్తే ఎంత మందు పోతుందో కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలోకి తీసుకుంటుంది, ఆ తర్వాతే ఇలాంటి తెరలను ఒప్పుకుంటుంది. కొత్త తెరను ఒక రోజు నీడలో ఆరబెట్టి కట్టండి. ఉతికితే నీడలోనే ఆరేయండి. గెడ్డలో ఉతకొద్దు, చేపలు చస్తాయి. చేపలు పట్టడానికి అసలే వాడొద్దు.

స్ప్రే వాళ్లు వస్తే గోడలకు కొట్టించుకోండి. మందు కొట్టాక రెండున్నర, మూడు నెలలు గోడ అలకొద్దు, సున్నం వేయొద్దు. పండగ ముందు అలుకుడు ఉంటుంది కాబట్టి ఊరంతా కలిసి తేదీ మాట్లాడుకోండి. స్ప్రే పనికి వెళ్లే కుర్రాళ్లు చేతి తొడుగులు, ముఖానికి గుడ్డ, కళ్లద్దాలు లేకుండా పంపు పట్టొద్దు. ముఖం చీమలు పాకినట్టు జివ్వుమంటే ఆ మందు చర్మం నరాలకు తగిలిందని అర్థం. ఒక రోజులో పోతుంది. కానీ రోజూ అలా అవుతుంటే మీ జాగ్రత్తలో లోపముంది, సూపర్‌వైజరును నిలదీయండి.

సాయంత్రం పొలం నుంచి వచ్చేటప్పుడు, మంచె మీద కాపలాకు వెళ్లేటప్పుడు, అడ్డాకులకు వెళ్లేటప్పుడు తెర వెంట రాదు. అక్కడ క్రీము పనికొస్తుంది. డీట్ శాతం ఎక్కువైతే బలం ఎక్కువని కాదు, ఎక్కువసేపు పనిచేస్తుందని అర్థం. పది శాతం అయితే రెండు గంటలు, ముప్పై శాతం అయితే ఐదు గంటలు. ముప్పై దాటింది పిల్లలకు అక్కర్లేదు. రెండు నెలల లోపు బిడ్డకు ఏ క్రీమూ వద్దు, తెర చాలు. పిల్లలకు పెద్దవాళ్లే తమ చేతిలో వేసుకుని రాయాలి. పిల్లల అరచేతులకు, కళ్ల దగ్గర, నోటి దగ్గర, పుండు మీద రాయొద్దు. బట్టల లోపల రాయొద్దు. ఇంటికొచ్చాక సబ్బుతో కడిగేయండి.

ఆశ్రమ పాఠశాలల్లో చదివే చెల్లెళ్లూ, తమ్ముళ్లూ, మీ గదిలో ఏ మందు వాడుతున్నారో చదవండి. నంబరు లేకపోతే వార్డెన్‌ను అడగండి. కిటికీలకు జాలీ వేయమని అడగండి. జాలీకి ఏ సైడ్ ఎఫెక్టూ లేదు.

ఎవరికైనా ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. చేతిలో తాళాలు పెట్టొద్దు, నోట్లో ఏమీ కుక్కొద్దు. జ్వరం ఉండి ఫిట్స్ వస్తే, దోమల మందు వల్లనో గాలి సోకిందనో అనుకుంటూ కూర్చోవద్దు. ముందు మలేరియా పరీక్ష. ఆశా కార్యకర్త దగ్గర కిట్ ఉంటుంది, పావుగంటలో తెలుస్తుంది. 108 రాలేని ఊరికి ఫీడర్ అంబులెన్స్ బైకు వస్తుంది. అదీ రాని చోట డోలీ కట్టడం మనకు కొత్త కాదు. అది మారాలి, రోడ్డు రావాలి, అది ఇంకో సభలో మాట్లాడాల్సిన విషయం. కానీ రోడ్డు వచ్చేదాకా మన చేతిలో ఉన్నది తొందరపడటం ఒక్కటే.

చివరిగా ఒక పని అప్పజెబుతాను. మీ అందరి చేతుల్లో ఫోన్లు ఉన్నాయి. ఈసారి అలాంటి మెసేజ్ వస్తే ముందుకు పంపకండి. మూడు ప్రశ్నలు వేయండి. ఏ మందు గురించి? ఎంత మోతాదు? రాసుకున్నదా, పీల్చిందా, తాగిందా? ఈ మూడింటికి జవాబు లేని మెసేజ్ అక్కడే ఆగిపోవాలి. ఈ రాత్రి ఇంటికి వెళ్లాక, ఇంట్లో ఉన్న ప్రతి డబ్బా, ప్రతి ప్యాకెట్ దీపం దగ్గర పెట్టి చదవండి. మన భాషలో లేనిది అవ్వకు మన భాషలో చెప్పండి. రేపటి తరానికి మన మాట నేర్పాలని పొద్దున్నుంచి అనుకున్నాం కదా. డబ్బా మీద ఏం రాసుందో మన మాటలో చెప్పడం కూడా అందులో భాగమే.

 జై ఆదివాసీ.